నల్ల కారు, ఊక బూడిద

పెడన పేరు ఎవరి నోటివెంట వినబడినా నా చేతిలో పని ఆగిపోతుంది. ఇన్నేళ్ళయినా అంతే. పెడన చీరంటారు, పెడన బస్సంటారు, పెడన సంబంధమంటారు. వాళ్ళ మాటలు వాళ్ళవి. నా లోపల మాత్రం ఓ బరువు ఒక పక్కకి ఒరుగుతుంది. దాన్ని సర్దుకుని, మళ్ళీ మామూలుగా నవ్వి, కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుచేసుకుంటాను. ఇంట్లోవాళ్ళు నాకు మతిమరుపు వచ్చిందనుకుంటున్నారు. అనుకోనివ్వండి. నిజంగా వస్తే ఎంత బావుండేది!

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్తున్నాను. తెలిసినవాళ్ళతో చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, "కాఫీ తాగుతారా" అని అడిగి మూసేశాను. నా పేరు చెప్పను. పేరు చెప్తే ఈ తప్పు నా పిల్లలకి కూడా అంటుకుంటుంది. వాళ్ళేం చేశారు పాపం?

నేను దివిసీమదాన్ని. నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రం హోరు వినబడే పల్లె మాది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో బందరులో ఒక ప్లీడరుగారింటికి కోడలిగా వచ్చాను. మావయ్యగారు పేరున్న ప్లీడరు. మంచివారే, కానీ ముక్కు మీద కోపం. ఆయన గొంతు పెంచితే వీధిలో వెళ్తున్న జట్కా గుర్రం కూడా ఆగి చెవులు నిక్కిస్తుందని మా అత్తగారు అనేవారు. మా ఆయన తండ్రి దగ్గరే జూనియరు. ఇంట్లో ఆయనకి గొంతు ఉన్నట్టే తెలిసేది కాదు.

కాపురానికి వచ్చిన రోజు నేను ఆ ఇంట్లో మొదట చూసింది అత్తగారినీ కాదు, గుమ్మాన్నీ కాదు. కారుని. ఇంగ్లండు నుంచి ఓడెక్కి మద్రాసులో దిగి, ఎవరో దొర దగ్గర్నుంచి చేతులు మారి మారి మావయ్యగారికి దక్కిన కారు. నల్లగా ఉంది. నలుపంటే నాకు తెలిసిన నలుపు కాదు. మా ఊళ్ళో నలుపంటే కుండ అడుగు, గేదె వీపు, రేగడి మట్టి. ఇది లోపల వెలుతురున్న నలుపు. దాని తలుపులో కొబ్బరిచెట్టు నిలబడి ఉంది. ఆకాశం ఉంది. జట్కా దిగుతున్న ఓ కొత్త పెళ్ళికూతురు ఉంది. పాదాల పారాణి దగ్గర్నుంచి తలలో పూలదాకా నన్ను నేను ఒక్కసారిగా చూసుకోవడం అదే మొదలు. మా పుట్టింట్లో అద్దం అరచేతంత. అందులో కన్ను చూసుకుంటే ముక్కు కనబడదు. "ఇదా నేను!" అనుకున్నాను. ఎవరూ చూడకుండా చేతులు జోడించాను. నవ్వకండి. గుళ్ళో కూడా అంత భక్తిగా ఎప్పుడూ జోడించలేదు.

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో పూజ రెండు చోట్ల జరిగేది. లోపల అత్తగారిది, పెరట్లో మావయ్యగారిది. బందరు గాలిలో ఉప్పుంటుంది. కిటికీ ఊచల్ని తినేస్తుంది, తలుపు గొళ్ళేల్ని తినేస్తుంది. కారు రేకుని మాత్రం తిననివ్వనని మావయ్యగారి పంతం. మా నూతి నీళ్ళు ఉప్పన, వాటితో కడిగితే తెల్లటి మరకలు పడతాయి. అందుకని కావిడివాడు తాగడానికి తెచ్చే మంచినీళ్ళతోనే కారు కడిగేవారు. "మనుషులు గొంతు తడుపుకోడానికి లేవుగానీ మహారాణీగారికి మంచినీళ్ళ స్నానం" అని అత్తగారు సణిగేవారు. మావయ్యగారికి ఆ ఒక్క సణుగుడూ వినపడేది కాదు.

కడిగి, పాత పంచె ముక్కతో తడి అద్ది, అప్పుడు మైనం పెట్టేవారు. చిన్న గుడ్డ ఉండకి మైనం కాస్త అంటించి, రూపాయి బిళ్ళంత సున్నాలు చుట్టుకుంటూ వెళ్ళాలి. చుట్టిన చోటల్లా నలుపు మసకబారి, మంచు పట్టినట్టు తెల్లబడేది. మొదటిసారి చూసి, అయ్యయ్యో, బంగారంలాంటి కారు పాడు చేసుకుంటున్నారే అనుకున్నాను. కాసేపాగి, ఇంకో మెత్తటి గుడ్డతో ఆ తెలుపుని తుడిచేశారు. అంతే! రేకు లోపల్నుంచి ఆకాశం బయటికొచ్చింది. వంటింటి కిటికీలోంచి ప్రతి ఆదివారం చూశాను. ప్రతి ఆదివారమూ నోరు తెరుచుకునే చూశాను. పొయ్యి మీద పాలు పొంగిపోయిన వారాలున్నాయి.

కారుని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు, ఒక్క వీరభద్రంగారిని తప్ప. ఆయన పెడనలో అద్దకం పని చేయించే మనిషి, మావయ్యగారికి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ బందరు బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నారట. కులం వేరు, కొలువు వేరు, కానీ "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. ఆదివారం మొదటి బస్సుకి వచ్చేవారు, చంకలో పాత బిస్కట్ల డబ్బా. అందులో ఆయన స్వయంగా తయారుచేసిన మైనం. తేనెపట్టు మైనం కరిగించి, టర్పెంటైను కలిపి, పల్చటి గుడ్డలో మళ్ళీ మళ్ళీ వడగట్టి చల్లార్చేవారట. డబ్బా మూత తీస్తే తేనె వాసనా టర్పెంటైను వాసనా కలిసి పెరడంతా కమ్ముకునేవి. రంగులు వడగట్టడం ఆయన వృత్తి కదా. రంగులో చిన్న నలకున్నా చీర చెడిపోతుంది. "నా గుడ్డలోంచి నలక దిగిన రోజున అద్దకం మానేస్తాను బావా" అని గర్వంగా అనేవారు. కింద పడిన గుడ్డని మళ్ళీ కారు మీద పెట్టేవారు కాదు. ఒక్క ఇసుక రేణువు చాలు, గీత పడిపోతుందని.

ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు విప్పి, పంచెలు ఎగ్గట్టి, ఒకరు ఈ పక్కన, ఒకరు ఆ పక్కన, కారుని అలా తుడుస్తూ కబుర్లాడుకునేవాళ్ళు. మధ్యలో పకపకా నవ్వేవారు. వారమంతా కోర్టు గొంతుతో ఉండే మావయ్యగారు ఆ కాసేపూ బడి పిల్లాడయిపోయేవారు. నేను కాఫీ పట్టుకెళ్ళి, అక్కడే కాస్త తచ్చాడి, కారులో నన్ను నేను ఓరగా చూసుకుని వచ్చేదాన్ని.

ఆ ఏడు వీరభద్రంగారి ఒక్కగానొక్క కూతురికి పెళ్ళి కుదిరింది. ఊరేగింపు ఈ కారులోనే అని మావయ్యగారు మాటిచ్చారు. పెడన వీధుల్లో మగ్గాల చప్పుడాపి జనం బయటికొచ్చి చూడాలని ఆయన ముచ్చట. ఆ సంగతి వీరభద్రంగారు వీధి వీధంతా చెప్పుకున్నారట. "మా బావ కారు వస్తోంది, చూద్దురుగాని" అని.

ఇక్కడిదాకా రాయడం నాకు హాయిగానే ఉంది. ఇప్పుడు చెయ్యి ముందుకి సాగడం లేదు.

పెళ్ళి ఇంకొక వారం ఉందనగా మావయ్యగారూ మా ఆయనా కేసు పని మీద అవనిగడ్డ వెళ్ళారు. వానలకి దారి బురదగా ఉందని కారు తియ్యలేదు, బస్సులోనే వెళ్ళారు. కారు మీద దుప్పటి ముసుగు వేసి ఉంది. అది శుక్రవారం. మధ్యాహ్నం అత్తగారు పురాణం వినడానికి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. తలంటు పోసుకుని, కాళ్ళకీ చేతులకీ పసుపు రాసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ పెరట్లోకి వచ్చాను.

ఎందుకు ముసుగెత్తానని అడుగుతారేమో. చూసుకోవాలనిపించింది, అంతే. ఎవరూ లేనప్పుడు, ఓరగా కాకుండా, తీరిగ్గా. ముందు భాగం మీద ముసుగు తీసి వంగి చూశాను. ఎంత బావున్నానో! నా మొహం వెనక తెల్లటి మబ్బులు కదులుతున్నాయి. ఆ నలుపులో ఎంత లోతుందో చూద్దామన్నట్టు ఇంకా వంగాను. పడిపోకుండా చెయ్యి ఆనించాను. తీసి చూస్తే ఏముంది, అయిదు వేళ్ళూ పసుపుగా అచ్చు పడ్డాయి.

 పైటచెంగుతో తుడిచాను. పసుపు పోలేదు సరికదా నూనెతో కలిసి ఇంకా పాకింది. మైనం కూడా చెదిరి, అరచేతంత మేర మబ్బు కమ్మింది. ఎంత తుడిస్తే అంత పెద్దదవుతోంది.  ఎవరు ముట్టుకున్నారని మావయ్యగారు గర్జిస్తే ఏం చెప్పాలి? అద్దం చూసుకున్నానని చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోవాలి.

అప్పుడు నా గొప్పతనం నాకు గుర్తొచ్చింది. అదే కొంప ముంచింది. మా అమ్మ నేర్పిన విద్య ఒకటుంది: ఊక బూడిద, చింతపండు. వడ్ల మిల్లు ఊక కాల్చగా వచ్చిన బూడిద. మావైపు ఏ వంటింట్లో చూసినా గిన్నెలు తోమడానికి ఓ చిప్ప నిండా ఉండేది. దానితో తోమితే మెరవని వస్తువు లేదని నా నమ్మకం. కాపురానికొచ్చిన కొత్తలోనే, మసిబారి మూలపడేసిన గంగాళాన్ని ధగధగలాడించి చూపించాను. "నీ చేతిలో ఏదో ఉందే అమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అది. ఇత్తడి మెరిసింది, కంచు మెరిసింది, రాగి మెరిసింది. ఇది మాత్రం ఎందుకు మెరవదు?

బూడిద చిప్ప తెచ్చాను. చింతపండు తడిపి తెచ్చాను. కొబ్బరిపీచు తీసుకుని తోమడం మొదలుపెట్టాను. ఒక్కచోటే తోమితే తేడా తెలిసిపోతుందని ముందు భాగమంతా తోమాను. ఒళ్ళు వంచి, పళ్ళ బిగువున, గంగాళం తోమినట్టే తోమాను. చివరికి చెంబుతో నీళ్ళు పోశాను. అబ్బ, మెరిసింది! నల్లగా, నీటుగా మెరిసింది. ఎంత సంబరపడ్డానో. మావయ్యగారు పొద్దుటంతా పడే శ్రమ నేను కాసేపట్లో తేల్చేశానే, వచ్చాక చెబుదామా అని కూడా అనుకున్నాను.

తడి ఆరింది.

ఆరుతున్నకొద్దీ తెలుపు పైకి తేలింది. ముందు ఓ మూల, తర్వాత నడిమధ్య, తర్వాత అంతా. కొబ్బరిచెట్టు లేదు. మబ్బు లేదు. నేను లేను. చచ్చిన చేప కన్నులా ఉంది ఆ రేకు. దగ్గరగా చూస్తే లెక్కలేనన్ని సన్న గీతలు, సున్నాలు సున్నాలుగా, నా చెయ్యి తిరిగినట్టల్లా. మళ్ళీ నీళ్ళు పోస్తే మళ్ళీ మెరిసింది. ఆరితే మళ్ళీ చచ్చిపోయింది.  ముసుగు కప్పేసి, చిప్ప వంటింట్లో పెట్టేసి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అత్తగారు పురాణం నుంచి వచ్చి ప్రసాదం చేతిలో పెట్టారు. కళ్ళకద్దుకుని తిన్నాను.

మర్నాడు సాయంత్రం మగవాళ్ళు తిరిగొచ్చారు. చెబుదామనుకున్నాను. అలసిపోయి వచ్చారు, అన్నం తిననీ అనుకున్నాను. తిన్నాక, పడుకోనీ అనుకున్నాను. అలా ఆదివారం వచ్చేసింది, వీరభద్రంగారూ వచ్చేశారు. పెళ్ళి ముందు చివరి మెరుగు పెట్టాలని ఆయన కొత్త డబ్బా తెచ్చారు. నవ్వుకుంటూనే ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. నేను కాఫీ గ్లాసులతో తలుపు వెనక నిలబడిపోయాను. ముసుగు లాగిన చప్పుడు వినబడింది. నవ్వులు ఆగిపోయాయి. 

"ఏవిటిది?" అన్నారు మావయ్యగారు. మెల్లిగానే అన్నారు. "బావా, ఏం కలిపావు మైనంలో?"

"ఏవీ కలపలేదే. ఎప్పుడూ చేసినట్టే చేశాను."

"ఎప్పుడూ చేసినట్టే చేస్తే ఇదేవిటి మరి? దీన్ని నువ్వూ నేనూ తప్ప ముట్టుకున్నదెవరు? పోయిన వారం మనవే కదా పెట్టాం? సాక్షి బోనెక్కినవాడిలా నీళ్ళు నమలకు, చెప్పు."

వీరభద్రంగారు కారు ముందు గొంతుక్కూర్చున్నారు. రేకు మీద వేలితో రాశారు. ముందు భాగానికీ పక్క రేకుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో గోరు పెట్టి తీశారు. గోటి మీద ఇంత బూడిద వచ్చింది. దాంతోపాటు చింతపండు పీచు ఒకటి. తలుపు సందులోంచి నాకు స్పష్టంగా కనబడింది. ఆ పీచుని ఆయన రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు. అప్పుడు తలెత్తి తలుపువైపు చూశారు. ఆయన చూపులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. 

ఆ పీచుని ఆయన మడిచిన పంచెలోకి దోపేసుకున్నారు. చేతులు దులుపుకుని లేచారు.

"పొరపాటు నాదే బావా. ఈసారి మైనం కొత్తచోట కొన్నాను. ఇసక ఉన్నట్టుంది. సరిగ్గా వడగట్టలేదు."

"ఇసకా!" అన్నారు మావయ్యగారు. ఇప్పుడు గొంతు లేచింది. "నా గుడ్డలోంచి నలక దిగదని కోతలు కోసేవాడివి కదయ్యా! నాదీ బుద్ధి తక్కువ. బట్టల మీద రంగులద్దుకునేవాడి చేతికి కారు అప్పగించాను. గుడ్డకీ రేకుకీ నీకేం తేడా తెలిసి ఏడుస్తుంది?"

 రంగు పట్టిన వీరభద్రంగారి వేళ్ళు డబ్బా మూత మీద అలా ఉండిపోయాయి. అంతలో అత్తగారు వెనక నుంచి "కాఫీ చల్లారిపోతోంది, వెళ్ళవే" అని నన్ను తోశారు. వెళ్ళాను. గ్లాసు ఆయన ముందుకి చాపాను. తల ఎత్తలేదు.

"వద్దమ్మా, బస్సు వేళయింది," అన్నారు. తర్వాత ఇంకా మెల్లిగా, "నువ్వు లోపలికి వెళ్ళు తల్లీ, ఎండగా ఉంది" అన్నారు.

ఎండ ఇంకా పెరట్లోకి రానేలేదు.

ఆ మాట గురించి ఆలోచించని రోజు నాకు లేదు. ఒక మనిషి తన వృత్తినీ, పేరునీ, చిన్ననాటి స్నేహాన్నీ ఒక్క క్షణంలో తీసి అలా పక్కన పెట్టేయగలడా? అదీ ఎవరికోసం? పరాయి ఇంటి కోడలి కోసం. కాఫీ ఇవ్వడం తప్ప నేనాయనకి ఏం చేశాను? ఆ నెలలోనే వాళ్ళమ్మాయి కూడా అత్తారింటికి వెళ్ళబోతోంది. నాలో ఆయన ఎవర్ని చూశారో నాకు తెలియదు. మహాత్ములని, త్యాగమూర్తులని మనం చదువుకుంటాం, దండలు వేస్తాం. నేను మాత్రం అలాంటి మనిషిని పంచె ఎగ్గట్టుకుని, చంకలో బిస్కట్ల డబ్బా పెట్టుకుని, మా గేటు తీసుకుని వెళ్తుండగా చూశాను.  అంత పెద్ద మనసుని చూసి కూడా నేను ఇంత చిన్నగా ఎలా ఉండిపోయానో!

కారు తమకి అక్కర్లేదని పెడన నుంచి కబురొచ్చింది. అక్కర్లేకపోతే మానెయ్యమనండి అన్నారు మావయ్యగారు. పెళ్ళికి మా ఇంటి నుంచి ఎవరూ వెళ్ళలేదు. ఊరేగింపు జట్కాలో జరిగిందని మా పనిమనిషి చెప్పింది. దానికి పెడనలో చుట్టాలున్నారు. "ప్లీడరుగారి కారు ఏదండీ అని అందరూ అడగడమేనంట. ఆయన తల దించుకుని నవ్వేశాడంట" అంది. నేను వింటూ గిన్నెలు సర్దుతున్నాను. వంటింట్లోంచి ఊక బూడిద తీసేసి వేరే ఏదైనా వాడదామని అత్తగారితో అన్నాను. ఎందుకే అన్నారావిడ. చేతులు మండుతున్నాయన్నాను.

కారుకి బెజవాడలో మళ్ళీ రంగు వేయించారు. దాన్ని తుడవడానికి మనిషిని పెట్టారు. మావయ్యగారు మళ్ళీ గుడ్డ పట్టలేదు. ఆదివారం పొద్దున్న వసారాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. పేజీ తిప్పేవారు కాదు. పెడన బస్సు వచ్చే వేళకి గేటు వైపు ఒకసారి చూసి, మళ్ళీ పేపర్లో తల దూర్చేవారు. కొన్నాళ్ళకి కారే అమ్మేశారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదని బంధువులు అనుకున్నారు. తగ్గాల్సినదాన్ని నేను. వాళ్ళకి వడ్డిస్తూ, వింటూ, అవునవునంటూ తిరిగాను.

మీరు అనుకోవచ్చు, పాపం చిన్నపిల్ల, కొత్త కోడలు, భయపడింది అని. నేనూ చాలాకాలం అలాగే అనుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. బూడిదతో తోమడం తెలియక చేసిన పని. నోరు మెదపకపోవడం భయం వల్ల. వీటికి నన్ను క్షమించమని ఏ దేవుడినైనా అడగగలను. కానీ నేను ఇక్కడ చెప్పుకోవడానికి వచ్చింది ఇది కాదు. ఇంతవరకు చెప్పింది సులువైన భాగం.

చాలా ఏళ్ళ తర్వాత, పందొమ్మిదివందల అరవైల్లో. మావయ్యగారు ప్రాక్టీసు మానేశారు. అత్తగారు పోయారు. ఇంటి తాళాలు నా నడుముకి వచ్చాయి. కొత్త కోడలిని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. నేను ఔనంటే ఔను ఆ ఇంట్లో. మావయ్యగారు కూడా నన్ను అడక్కుండా ఏ పనీ చేసేవారు కాదు. "మా కోడలు చెప్పిందంటే తిరుగు లేదు" అని నలుగురిలో చెప్పేవారు. నాకు ఎవరంటే భయం అప్పుడు? ఎవరంటేనూ లేదు.

వీరభద్రంగారు మంచం పట్టారని ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే మావయ్యగారు స్నానం చేసి, ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, చెప్పులేసుకుని, గొడుగు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పెడన బస్సుకి ఇంకా కొంచెం టైముంది. నేను చంటిదానికి అన్నం కలుపుతున్నాను.

"అమ్మాయ్, నిన్నొక మాట అడుగుతాను," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవర్నో బతిమాలుతున్నట్టుంది. "ఆ రోజు... వీరభద్రం మైనంలో నిజంగా ఇసకే ఉందంటావా? నాకెందుకో నమ్మకం కుదరడం లేదమ్మా. వాడు అలా వడగట్టకుండా తెచ్చే మనిషి కాదు. నేనే తొందరపడి నోరు జారానేమో."

చూశారా! అన్నీ ఆయనే చేసేసుకున్నారు. ఇన్నేళ్ళ కోపం దించుకున్నారు, లాల్చీ తొడుక్కున్నారు, గొడుగు పట్టుకున్నారు. నా దగ్గర కావలసింది ఒక్క మాట. అది కూడా పూర్తిగా అక్కర్లేదు, "ఏమోనండీ" అన్నా వెళ్ళిపోయేవారు. వెళ్ళి ఆ స్నేహితుడి చెయ్యి పట్టుకునేవారు.

నేను అన్నం కలపడం ఆపకుండానే అన్నాను:

"ఆయనే ఒప్పుకున్నారు కదండీ, మావయ్యగారూ."

అబద్ధం కాదు. అక్షరాలా నిజం. ఆయన ఒప్పుకున్నారు. నన్ను కాపాడడానికి ఆ మనిషి తలకెత్తుకున్న మాటని తీసి, ఆయన మీదే సాక్ష్యంగా పెట్టాను. ఎందుకన్నాను? భయంతో కాదు. "మా కోడలు చెప్పిందంటే తిరుగు లేదు" అన్న ఆ ఒక్క మాట పోతుందని. ఆ మెప్పు నాకు కావాలి. చచ్చిపోతున్న ఆయన కన్నా, గుమ్మంలో నిలబడ్డ ఈయన కన్నా అదే ఎక్కువయింది నాకు. దీనికి నేను వేరే పేరేదీ పెట్టలేను.

"అవును," అన్నారు మావయ్యగారు. మళ్ళీ, "అవును, ఒప్పుకున్నాడు" అన్నారు. గొడుగు మూలన పెట్టారు. లాల్చీ విప్పి మేకుకి తగిలించారు. వెళ్ళి వసారాలో కూర్చున్నారు. పెడన బస్సు మా సందు చివర హారన్ కొట్టి వెళ్ళిపోయింది. నేను చంటిదాని నోట్లో ముద్ద పెట్టాను.

ఆ వారంలోనే చావు కబురు వచ్చింది. విని మావయ్యగారు తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతోనే బొక్కెన తర్వాత బొక్కెన తోడి నెత్తిన పోసుకున్నారు. అయినవాళ్ళు పోయినప్పుడు చేసే స్నానం. ఆ కులం కాని, రక్తం కాని మనిషికోసం ఆ వయసులో ఆయన వణుకుతూ నీళ్ళు పోసుకుంటుంటే, నేను పొడి తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా అంటారా? చెప్పలేదు. తువ్వాలు అందించాను. "నువ్వున్నావు కాబట్టి సరిపోయిందమ్మా" అన్నారాయన.

ఆయన కూడా వెళ్ళిపోయి చాలా కాలమైంది. నేను ఎవరికి చెప్పాలో వాళ్ళిద్దరూ లేరు. మీరు మంచివారైతే క్షమించాను అంటారేమో, అనకండి. అది మీ దగ్గర లేదు ఇవ్వడానికి. కాశీ వెళ్ళినప్పుడు చెప్పుకుందామనుకున్నాను, గంగలో నిలబడి కూడా నా నోరు పెగల్లేదు. ఈ కాగితం మీద మాత్రం చెయ్యి సాగింది. ఎలా సాగిందో నాకే వింతగా ఉంది. గుండెల మీద చెయ్యి వేసుకుని చూసుకుంటే కొట్టుకోవడం మామూలుగానే ఉంది. ఏదో అయిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏమీ కాలేదు. ఇంత తేలిక మాటని ఇంతకాలం ఎందుకు మోశాను?

మీరు అడిగినదానికి జవాబు ఇదండీ, మావయ్యగారూ. వీరభద్రం బాబాయిగారి మైనంలో ఇసక లేదు.